ల్యాప్‌టాప్ డిస్కు డెస్క్‌టాప్‌లో కాలిపోదు, కానీ ముందు ఫోటోలు బయటికి తియ్యి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చెన్నై వేళచ్చేరి ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్‌లో హార్డ్ డిస్కు పోయింది. మదర్‌బోర్డు పోయిన పాత ల్యాప్‌టాప్ ఒకటి అలమరాలో ఉంది, అందులో 1 టీబీ డిస్కు ఉంది. దాన్ని ఊడదీసి డెస్క్‌టాప్‌లో బిగించి, ఫార్మాట్ కొట్టి, విండోస్ వేసుకుందామని నీ ఆలోచన. కంప్యూటర్ సామాన్లు అమ్మే రిచ్చీ స్ట్రీట్‌లో ఒక షాపులో అడిగితే, ల్యాప్‌టాప్ డిస్కు డెస్క్‌టాప్ కరెంటుకు తట్టుకోదు, కాలిపోతుంది అన్నారట. అది నిజమా, అడాప్టర్ ఏమైనా కొనాలా అని అడిగావు. చివర్న, ఏదో గుర్తొచ్చి చెప్పినట్టుగా, "అందులో నాన్నగారి పాత ఫోటోలు కూడా ఉన్నాయి" అని ఒక ముక్క రాశావు.

నెల్లూరు నుంచి చెన్నై వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. అప్పటినుంచీ కంప్యూటర్లు బాగుచేయడమే నా పని. నువ్వు రాసిన మొత్తంలో నా మనసు పట్టేసింది ఆ చివరి ముక్కే. కాబట్టి ఫార్మాట్ సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టు. ముందు నీ భయం తీరుస్తాను, తర్వాత ఫోటోల దగ్గరికి వద్దాం.

కాలిపోదు. ఆ డిస్కు సాటా (డిస్కును మదర్‌బోర్డుకు కలిపే ఇప్పటి పద్ధతి) డిస్కు అయితే, పెద్ద డిస్కుకు పెట్టే కేబుళ్లే దీనికీ సరిపోతాయి. డేటా సాకెట్టు 7 పిన్నులు, పవర్ సాకెట్టు 15 పిన్నులు. రెండు సైజులకూ ఒకే కొలత, ఒకే వరస. ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లో అన్నిటికీ కరెంటు ఇచ్చే పెట్టె) నుంచి వచ్చే ఆ 15 పిన్నుల్లో 5 వోల్టులకు వేరే పిన్నులు, 12 వోల్టులకు వేరే పిన్నులు ఉంటాయి. డెస్క్‌టాప్‌లో వాడే మూడున్నర అంగుళాల డిస్కు తన మోటారు తిప్పుకోవడానికి 12 వోల్టులు, సర్క్యూట్ బోర్డుకు 5 వోల్టులు తీసుకుంటుంది. రెండున్నర అంగుళాల ల్యాప్‌టాప్ డిస్కు మోటారుతో సహా అన్నీ 5 వోల్టులతోనే నడుపుకుంటుంది, 12 వోల్టుల పిన్నుల జోలికి పోదు. నమ్మకం కుదరకపోతే డిస్కు మీద లేబుల్ చూడు, దాని మీద 5 వోల్టులు అని మాత్రమే ఉంటుంది. చచ్చిపోయిన నీ పెద్ద డిస్కు లేబుల్ మీద 5, 12 రెండూ ఉంటాయి. ఎస్‌ఎంపీఎస్ 400 వాట్లది కదా, అంతా దీనిలోకి తోసేస్తుందేమో అని కూడా కొందరు భయపడతారు. కరెంటు ఎంత కావాలో డిస్కే లాక్కుంటుంది, ఎవరూ తొయ్యరు. పెద్ద డిస్కు పనిలో ఉన్నప్పుడు 6 నుంచి 8 వాట్లు తీసుకుంటే, ఇది 2 వాట్ల దగ్గర ఆగిపోతుంది.

ఆ షాపు వాళ్ల మాట ఎక్కడినుంచి పుట్టిందో నాకు తెలుసు. సాటా రాకముందు ఐడీఈ డిస్కుల కాలంలో ల్యాప్‌టాప్ డిస్కుకు 44 పిన్నులు ఉండేవి, పవర్ కూడా వాటిల్లోనే వచ్చేది. డెస్క్‌టాప్ కేబులుకు 40 పిన్నులే, పిన్నుల మధ్య ఎడం కూడా వేరు. మధ్యలో చిన్న అడాప్టర్ పెట్టాలి. దాన్ని తిరగేసి గుచ్చితే డిస్కు నిజంగానే కాలిపోయేది. అలా పోయినవి నేనూ చూశాను. నీది 1 టీబీ అంటున్నావు కాబట్టి సాటానే, ఆ గొడవ నీకు లేదు.

ఇక ఫోటోలు.

2015 డిసెంబరు వరదల తర్వాత కోట్టూర్‌పురం, సైదాపేట, జాఫర్‌ఖాన్‌పేట వైపు నుంచి జనం తడిసిన సీపీయూలు చేతుల్లో పట్టుకుని వచ్చారు. ఒక్కరు కూడా కంప్యూటర్ బాగవుతుందా అని అడగలేదు. అందరూ అడిగింది ఫోటోల గురించే. హార్డ్ డిస్కుకు గాలి పీల్చుకోవడానికి సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది, బురదనీళ్లు అందులోంచి లోపలికి పోతాయి. కొందరు ఇంట్లోనే ఎండబెట్టి స్విచ్ వేసి చూసి మరీ తెచ్చారు, లోపల పలకలు గీసుకుపోయాయి. ఆ నెల తర్వాత నేను ఏ డిస్కు ముట్టుకున్నా మొదట అడిగేది ఒకటే: ఇందులో ఉన్నదానికి ఇంకో కాపీ ఉందా? నిన్నూ అదే అడుగుతున్నాను. లేదంటే, ఆ డిస్కు మీద ఒక్క బైటు రాయకముందే కాపీ తియ్యాలి.

నీ డెస్క్‌టాప్‌లో ఇప్పుడు పనిచేసే విండోస్ లేదు. ల్యాప్‌టాప్ డిస్కు ఒక్కటే తగిలించి ఆన్ చేశావంటే, ఆ డిస్కులో ఉన్న పాత విండోస్‌తోనే లేవడానికి చూస్తుంది. కొన్నిసార్లు లేస్తుంది, కొన్నిసార్లు నీలి తెర వస్తుంది. ల్యాప్‌టాప్‌లో స్టోరేజీ సెట్టింగు రెయిడ్ పద్ధతిలో ఉండి, డెస్క్‌టాప్‌లో ఏహెచ్‌సీఐలో ఉంటే (మదర్‌బోర్డు డిస్కుతో మాట్లాడే రెండు వేరువేరు పద్ధతులివి) నీలి తెర రావడం మామూలే. లేచినా మంచిది కాదు. కొత్త మదర్‌బోర్డుకు డ్రైవర్లు వేసుకుంటూ, డిస్కు తప్పులు సరిచేస్తానంటూ తెగ రాసేస్తుంది. డిస్కు ఏ స్థితిలో ఉందో తెలియకుండా దాని మీద అంత రాత పనికిరాదు.

దీనికి రెండు దారులున్నాయి. సులువైనది, సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే చిన్న కేబుల్ గానీ డిస్కు కేసింగ్ గానీ కొని, స్నేహితుడి కంప్యూటర్‌కు తగిలించడం. 5 వోల్టులు చాలు కాబట్టి యూఎస్‌బీ పోర్టే దీన్ని తిప్పగలదు. అయితే మొదట తిరగడం మొదలుపెట్టే క్షణంలో 1 ఆంపియర్ దాకా అడిగే డిస్కులున్నాయి. యూఎస్‌బీ 2 పోర్టు లెక్కప్రకారం ఇవ్వాల్సింది అర ఆంపియరే. డిస్కు తిరగడానికి ప్రయత్నించి ఆగి, మళ్లీ ప్రయత్నిస్తూ టిక్ టిక్ అంటుంటే, డిస్కు పోయిందని కంగారుపడకుండా డెస్క్‌టాప్ వెనకవైపు నీలం రంగు పోర్టులో పెట్టి చూడు. రెండో దారి, ఒక పెన్‌డ్రైవ్ మీద ఉబుంటు (విండోస్‌కు బదులు వాడే ఉచిత లినక్స్) వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా దాంతోనే నీ డెస్క్‌టాప్ లేపి, ఫైళ్లు వేరే డిస్కులోకి కాపీ చేసుకోవడం. ఇది నాకు ఇష్టమైన దారి. ఎందుకంటే విండోస్‌లాగా ఇది నీ ఫోల్డర్లకు "అనుమతి లేదు" అని అడ్డుపడదు. ల్యాప్‌టాప్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా పోయి ఉంటే ఉబుంటు చాలాసార్లు ఆ డిస్కును చదవడానికి మాత్రమే తెరుస్తుంది, రాయనివ్వదు. మనకు కావాల్సింది కూడా అదే.

ఏ దారిలో వెళ్లినా ఒక హెచ్చరిక. డిస్కు తగిలించగానే విండోస్ "ఈ డిస్కు ఫార్మాట్ చేయాలి, చేయనా?" అనో "ఇనిషియలైజ్ చేయనా?" అనో అడగవచ్చు. వద్దు అని నొక్కు. "తప్పులు సరిచేయనా?" అన్నా వద్దు అనే చెప్పు, కాపీ అయ్యేదాకా.

డిస్కు మీద తాళం గుర్తు కనిపిస్తే అది బిట్‌లాకర్. విండోస్ 10, 11తో వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో, మనం అడగకపోయినా, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన రోజే డిస్కు మొత్తం సంకేతలిపిలోకి మారిపోతుంది. దాని తాళంచెవి ల్యాప్‌టాప్ మదర్‌బోర్డులోని చిప్పులో ఉంటుంది. ఆ బోర్డు పోయింది కాబట్టి ఇక మిగిలింది 48 అంకెల రికవరీ కీ ఒక్కటే. కంగారు వద్దు, ఆ కీ అప్పట్లోనే ఆ ఖాతాలో దాచబడి ఉంటుంది. ల్యాప్‌టాప్ ఎవరి మెయిల్‌తో మొదలుపెట్టారో, నీదో నాన్నగారిదో, ఆ ఖాతాలోకి వెళ్లి డివైసుల పేజీలో వెతుకు. పాస్‌వర్డు మర్చిపోయి ఉంటే, ఆ ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబరు వాడుకలో ఉండగానే ఈ పని చూసుకో. ఒక పెద్దాయన పోయాక ఆయన సిమ్ రద్దు చేసేసి, ఆ తర్వాత డిస్కు పట్టుకుని నా దగ్గరికి వచ్చిన కుటుంబానికి నేనేమీ చేయలేకపోయాను. డిస్కు నిక్షేపంలా ఉంది, తెరవడానికి కీ లేదు. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ బాధే.

కాపీ మొదలుపెట్టే ముందు డిస్కు ఆరోగ్యం ఒకసారి చూడు. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. అందులో కనిపించే పెద్ద పట్టికలో నువ్వు చూడాల్సినవి మూడే. 5వ నంబరు అంటే పాడైపోయి పక్కన పెట్టేసిన సెక్టార్లు, అంటే డిస్కు మీద డేటా రాసే చిన్న చిన్న గళ్లు. 197 అంటే చదవలేక అనుమానంలో ఉంచినవి. 199 పెరుగుతుంటే తప్పు డిస్కుది కాదు, కేబులుది, కేబుల్ మార్చు. అక్కడ నంబర్లు 05, సీ5, సీ7 అని కనిపిస్తాయి. 197 సున్నా కాకపోతే మామూలు కాపీ పేస్టు చెయ్యకు. చదవలేని చోట ఆగి పదేపదే అక్కడే తంటాలు పడుతుంది, డిస్కు ఇంకా అలిసిపోతుంది. లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే కాపీ ప్రోగ్రాం ఉంది. అది తేలిగ్గా చదవగలిగినదంతా ముందు లాగేసి, మొండికేసిన చోట్లకు చివర్న వెళ్తుంది. ఇక లోపలినుంచి టక్ టక్ అని క్రమంగా కొట్టుకుంటున్న శబ్దం, యూఎస్‌బీలో కాకుండా నేరుగా ఎస్‌ఎంపీఎస్ పవర్ ఇచ్చినా వస్తుంటే, అక్కడితో ఆపెయ్యి. అది డేటా రికవరీ ల్యాబు పని. మూత విప్పి చూస్తానన్నవాడి చేతిలో మాత్రం పెట్టకు.

ఫోటోలు రెండు చోట్లకు చేరాయనుకుందాం. ఇప్పుడు బిగింపు.

ల్యాప్‌టాప్‌లోంచి తీసినప్పుడు డిస్కు చుట్టూ రేకు తొడుగు (క్యాడీ) గానీ, కనెక్టర్ ముందు చిన్న ముక్క గానీ ఉండవచ్చు. అవి ఆ ల్యాప్‌టాప్ కంపెనీ తన సౌకర్యానికి పెట్టుకున్నవి. విప్పేస్తే మామూలు సాటా కనెక్టర్ బయటపడుతుంది. పెద్ద డిస్కు వెడల్పు 101.6 మిల్లీమీటర్లు, దీనిది 70 కంటే కాస్త తక్కువ. మందం 7 గానీ 9.5 గానీ ఉంటుంది. అందుకే క్యాబినెట్‌లో నేరుగా నిలవదు. రిచ్చీ స్ట్రీట్‌లో రెండున్నర నుంచి మూడున్నరకు మార్చే బ్రాకెట్ అని అడుగు, రెండు దోసెల ఖర్చు. నువ్వు అడాప్టర్ అని అడిగావు కదా, కొనాల్సింది ఈ రేకు ముక్క ఒక్కటే. నీ క్యాబినెట్ ఈ మధ్యది అయితే, ఎస్‌ఎస్‌డీ (తిరిగే పలకలు లేకుండా చిప్పుల్లో దాచుకునే డిస్కు) కోసం అడుగున నాలుగు రంధ్రాలు ముందే ఉండి ఉంటాయి, బ్రాకెట్ కూడా అక్కర్లేదు.

స్క్రూల దగ్గర మాత్రం జాగ్రత్త. దీనికి పట్టేవి ఎం3 అనే సన్న మర స్క్రూలు, పొట్టివి. పెద్ద డిస్కు స్క్రూలు లావు మరవి, ఇందులో దూరవు. బలవంతంగా తిప్పితే మర చెడిపోతుంది. పొడుగు స్క్రూ ఎక్కిస్తే లోపల సర్క్యూట్ బోర్డుకు తగలవచ్చు. ఇంజనీరింగ్ చదివే ఒక కుర్రాడు అలా పొడుగు స్క్రూలు నాలుగూ ఎంతో శ్రద్ధగా బిగించి తెచ్చాడు, బోర్డు మీద ఒక చిన్న భాగం నలిగిపోయి ఉంది. బ్రాకెట్‌తో పాటు వచ్చిన స్క్రూలే వాడు.

ఎస్‌ఎస్‌డీని క్యాబినెట్‌లో టేపుతో అంటించి వదిలేసేవాళ్లు ఉన్నారు. దానికి చెల్లుతుంది, ఎందుకంటే అందులో కదిలేదేమీ లేదు. తిరిగే డిస్కును కేబుళ్లకు వేలాడదీయడం, పక్కన ఊరికే ఆనించడం చెయ్యొద్దు. గాలి రంధ్రం మీద టేపు అసలే వద్దు. ముందువైపు ఫ్యాను గాలి తగిలే చోట పెట్టు. చాలా ల్యాప్‌టాప్ డిస్కులకు 60 డిగ్రీల దాకా పనిచేయవచ్చని కంపెనీలు రాస్తాయి గానీ, మే నెలలో మన గదిలోనే 38 ఉంటే మూసిన క్యాబినెట్ మూలలో దాని సంగతి ఆలోచించు.

ఎస్‌ఎంపీఎస్‌లో సాటా పవర్ కేబుల్ ఖాళీ లేకపోతే, పాత నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి సాటాకు మార్చే ముక్క ఇస్తారు. తీగలను ప్లాస్టిక్ కరిగించి పోతపోసినట్టున్నది తీసుకోకు. లోపల తీగలు దగ్గరపడి షార్టయి అంటుకున్న సందర్భాలున్నాయి. తీగలు ఒక్కొక్కటిగా గుచ్చి, వెనక మూత పెట్టినట్టున్నది తీసుకో. నీ చచ్చిన డిస్కు కేబుల్ ఖాళీయే కదా, బహుశా నీకు ఈ అవసరం పడదు.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని సంగతి చెబుతాను. ఈ డిస్కు ఇన్నాళ్లూ బతికింది వేరే బతుకు. ఒళ్లో, బ్యాగులో, రైల్లో తిరిగింది. అలాంటి బతుక్కని దాన్ని తయారుచేశారు. కొన్ని సెకన్లు పని లేకపోతే చాలు, చదివే తలల్ని పలకల మీదనుంచి తీసి పక్కనున్న చిన్న గట్టు మీద పెట్టుకుంటుంది, ఎవరైనా ల్యాప్‌టాప్ కింద పడేసినా గీత పడకుండా. ల్యాప్‌టాప్‌లో అది వరం. టేబుల్ మీద కదలకుండా ఉండే డెస్క్‌టాప్‌లో అది ఊరికే అరుగుదల. పక్కన పెట్టడం, మళ్లీ తీయడం కలిపి ఒక లెక్క. చాలా ల్యాప్‌టాప్ డిస్కులకు కంపెనీలు ఇచ్చే హద్దు 6 లక్షలు. నిమిషానికి ఒకసారి చొప్పున రోజుకు 10 గంటలు నడిస్తే రోజుకు 600, అంటే 1000 రోజుల్లో హద్దుకు చేరుతుంది. నీ డిస్కు ఇప్పటికే ఎంత వాడేసిందో 193వ నంబరులో కనిపిస్తుంది, ప్రోగ్రాంలో సీ1 అని ఉంటుంది. హద్దు దాటిన రోజే ఆగిపోతుందని కాదు, లక్షలు దాటినా నడుస్తున్నవి చూశాను. కానీ అనవసరంగా అరగదీయడం ఎందుకు? అదే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ఏపీఎం అనే కరెంటు పొదుపు సెట్టింగు ఉంది, దాన్ని 254కి పెడితే ఈ అలవాటు చాలా డిస్కుల్లో మానుతుంది. లినక్స్‌లో అయితే హెచ్‌డీపార్మ్ అనే ప్రోగ్రాంతో చేయవచ్చు. కరెంటు తీస్తే చాలా డిస్కులు ఆ సెట్టింగు మర్చిపోతాయి, కాబట్టి కంప్యూటర్ లేచిన ప్రతిసారీ దానంతట అదే మళ్లీ పడేలా పెట్టుకో.

రెండోది బ్యాటరీ. ల్యాప్‌టాప్‌లో ఉన్నన్నాళ్లూ ఈ డిస్కుకు కరెంటు పోవడం అంటే ఏమిటో తెలియదు. డెస్క్‌టాప్‌లో కరెంటు పోతే ఒక్క క్షణంలో అంతా ఆగిపోతుంది. అప్పుడు డిస్కు, తాడు లాగేసిన బొంగరంలా ఇంకా తిరుగుతున్న పలకల ఊపునుంచే కాస్త కరెంటు పుట్టించుకుని, ఆ ఊపుతో తలల్ని గట్టు మీదకు విసిరికొట్టినట్టు చేరుస్తుంది. మామూలుగా నెమ్మదిగా పెట్టుకోవడానికీ దీనికీ చాలా తేడా. ఐప్పసి, కార్తీక (అక్టోబరు నుంచి డిసెంబరు) వానల్లో వేళచ్చేరి వీధుల్లో నీళ్లు నిలిచాయంటే ప్రమాదం జరగకుండా కరెంటు ఆపేస్తారని నాకంటే నీకే బాగా తెలుసు. ఒక 600 వీఏ యూపీఎస్ కొను. డిస్కు కొనకుండా మిగిలిన డబ్బు దీనికి పెట్టు. సీపీయూను నేలమీదనుంచి ఎత్తి టేబుల్ మీద పెట్టు, ఈ మాట ఎందుకంటున్నానో పైన చెప్పాను.

ఇక దీనిమీద విండోస్ వేయవచ్చా అన్న అసలు ప్రశ్న. పనిచేస్తుంది, కానీ నేనైతే వెయ్యను. ఇలాంటి డిస్కులు ఎక్కువగా నిమిషానికి 5400 చుట్లు తిరుగుతాయి, డెస్క్‌టాప్ డిస్కులు 7200. అంటే సెకనుకు 90 చుట్లు, 120 చుట్లు. కావాల్సిన చోటు తల కిందకు వచ్చేదాకా సగటున అర చుట్టు ఆగాలి, దానికి ఐదున్నర మిల్లీసెకన్లు. తల ఆ చోటికి జరగడానికి ఇంకో 12. కలిపి చూస్తే చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను సెకనుకు 60 కూడా అందుకోలేదు. ఇప్పటి విండోస్ లేస్తూనే వేల చిన్న ఫైళ్లు అడుగుతుంది. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు పదివేలకు పైనే అందుకుంటుంది.

పైగా ఈ మధ్యకాలపు 1 టీబీ, 2 టీబీ పలుచటి డిస్కుల్లో చాలావాటిలో ఎస్‌ఎంఆర్ పద్ధతి ఉంది. మంగళూరు పెంకుల ఇంటికప్పు గుర్తుందా? ఒక వరస మీద ఇంకో వరస కొంచెం ఎక్కేలా పేరుస్తారు. ఈ డిస్కుల్లో రాత వరసలు కూడా అలాగే ఒకదానిమీదకు ఒకటి ఎక్కి ఉంటాయి, చోటు కలిసొస్తుందని. కింద వరసలో ఒక పెంకు మార్చాలంటే దానిమీదున్నవన్నీ ఎత్తి మళ్లీ పేర్చాలి కదా, ఇక్కడా అంతే. చదవడం హాయిగా సాగుతుంది. పాతది చెరిపి కొత్తది రాసే పని ఎక్కువైతే మాత్రం డిస్కు నిలబడిపోయినట్టు అవుతుంది. విండోస్ అప్‌డేట్ రోజున నీకు ఏడుపొస్తుంది.

అందుకని ఒక చిన్న 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ కొని విండోస్ దానిమీద వెయ్యి. అది కూడా రెండున్నర అంగుళాలదే, అవే కేబుళ్లు, అదే బ్రాకెట్, అవే ఎం3 స్క్రూలు. రెండు డిస్కులు పట్టే బ్రాకెట్ కూడా దొరుకుతుంది. బయోస్‌లో (విండోస్ లేవకముందే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) మొదట లేవాల్సింది ఎస్‌ఎస్‌డీ అని పెట్టు. ల్యాప్‌టాప్ డిస్కును సినిమాలకు, పాటలకు, రెండో కాపీగా ఫోటోలకు ఉంచు. ఒకే కాపీ ఉన్న ఏ వస్తువునూ దానిమీద పెట్టకు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన విండోస్ లైసెన్సు ఆ మదర్‌బోర్డుకు కట్టి ఉంటుంది, డిస్కుతో పాటు రాదు.

రిచ్చీ స్ట్రీట్‌కు వెళ్తావు కాబట్టి ఇంకొక్క మాట. అక్కడ సెకండ్ హ్యాండ్‌లో రెండున్నర అంగుళాల డిస్కులు, 10,000 చుట్లు తిరిగేవి, చవగ్గా కనిపిస్తాయి. అవి సర్వర్లలోంచి వచ్చిన శాస్ డిస్కులు. చూడ్డానికి ఇలాగే ఉన్నా మందం ఎక్కువ, కనెక్టర్‌లో డేటాకూ పవర్‌కూ మధ్య ఖాళీ లేకుండా మూసి ఉంటుంది, నీ మదర్‌బోర్డు కేబుల్ అందులోకి దూరదు. కొనకు.

ఈ వారాంతంలో డిస్కు బయటికి తీశాక, లేబుల్ మీద మోడల్ నంబరు, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో 5, 193, 197 విలువలు రాసి పంపు. 197 సున్నా కాకుంటే ఇంకేమీ చెయ్యకుండా పక్కన పెట్టి ముందు నాకు చెప్పు.